ఆ క్లిప్ ఎంతో, ముందు అది చెప్పండి

ఎవరైనా వాట్సాప్ గ్రూపులో సీస్మిక్ సెక్షన్ (భూమి లోపలి పొరల బొమ్మ) స్క్రీన్‌షాట్ పెట్టి "సూపర్‌గా వచ్చింది కదా అన్నా" అంటే ఈమధ్య నాకు ఒళ్లు మండుతోంది. పక్కన స్కేల్ ఉండదు. ఏ క్లిప్‌తో గీశారో, అంటే ఏ విలువ దాటినవన్నీ ఒకే రంగులో వేశారో ఉండదు. ఎర్రగా, నీలంగా మెరిసిపోతూ ఉంటుంది, కింద వరసగా చప్పట్లు.

ఒకప్పుడు నేనూ అలాంటి చప్పట్లు కొట్టించుకున్నవాడినే.

చెన్నైలో ఓఎంఆర్ మీద ఒక ఆఫీసులో చేరిన కొత్త. నేల మీద వైబ్రేటర్ పెట్టి లోపలికి అలలు పంపిస్తే, అవి పొరలకి తగిలి తిరిగొస్తాయి, జియోఫోన్లనే సెన్సర్లు పట్టుకుంటాయి. ఒక్కో రికార్డు ఒక ట్రేస్. వాటిని పక్కపక్కన నిలబెడితే బొమ్మ. అయితే లోపలికి వెళ్లకుండా నేల పైపైనే పాకుతూ వచ్చే గ్రౌండ్ రోల్ ఒకటుంటుంది, దాని గోలలో మిగతావేవీ కనబడవు. దాన్ని ఫిల్టర్ చేసే పని నాకిచ్చారు. చేశాను. ముందు ఫైలునీ, తర్వాత ఫైలునీ సీస్మిక్ యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీసే ఎస్‌యూఎక్స్‌ఇమేజ్ కమాండ్‌కి ఇచ్చి, రెండిటికీ పర్క్=99 కొట్టాను. మొదటి బొమ్మలో విసనకర్ర విప్పినట్టు గ్రౌండ్ రోల్ తప్ప ఏమీ లేదు. రెండో దాంట్లో పొరలు పలక మీద గీసినట్టున్నాయి. నేను ఉబ్బిపోయాను.

మా టీమ్‌లో రాజమండ్రి ఆయన ఒకరుండేవారు, రిటైర్‌మెంట్‌కి దగ్గరలో ఉన్నారు. రెండు బొమ్మలూ చూసి, "బాగానే ఉంది గానీ, ఆ టెర్మినల్ ఇటు తిప్పు బాబూ" అన్నారు.

"అందులో ఏముందండీ?"

"బొమ్మ తెరిచినప్పుడు బీక్లిప్, డబ్ల్యూక్లిప్ అని ఒక లైను పడుతుంది కదా. ఎప్పుడైనా చదివావా?"

చదవలేదు. నలుపుకి హద్దు బీక్లిప్, అది మొదటి దానికి 42, రెండో దానికి 3.

"అంటే రెండో దానికి వాల్యూమ్ 14 రెట్లు పెంచి వినిపిస్తున్నావు. ఇప్పుడు మొదటి దాన్ని కూడా క్లిప్=3 పెట్టి గీయి."

గీశాను. గ్రౌండ్ రోల్ పడని మూలల్లో అవే పొరలు, అంతే శుభ్రంగా ఉన్నాయి. అక్కడ నా ఫిల్టర్ చేసిందేమీ లేదు. ఆయన వదల్లేదు. ఫిల్టర్ తీసేసిన భాగాన్ని విడిగా అదే క్లిప్‌తో గీయించారు. అందులో గ్రౌండ్ రోల్‌తో పాటు పొరల ముక్కలు కూడా ఉన్నాయి. చెత్తతో పాటు బియ్యం కూడా చెరిగి పారబోశానన్నమాట. ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం కూడా దిగలేదు నాకు.

ఇందులో ప్రోగ్రామ్ తప్పేం లేదు. పర్క్=99 అంటే ఆ ఫైల్లోని విలువల్లో 99వ పర్సంటైల్ (నూటికి 99 విలువలు దాటని గీత) ఎక్కడుందో లెక్కేసి, దాన్ని దాటినవన్నీ ఒకే నలుపులో గీస్తుంది. ఏ ఫైలుకి ఆ ఫైలే లెక్క. గ్రౌండ్ రోల్ పోయిన ఫైల్లో ఆ గీత కిందికి దిగుతుంది, నీరసంగా ఉన్నవన్నీ పైకి లేస్తాయి. పర్క్ అసలు ఇవ్వకపోతే 100 తీసుకుంటుంది. అప్పుడు ఎక్కడో ఒక పాడైన ట్రేస్‌లో ఒక్క పెద్ద స్పైక్ ఉన్నా చాలు, మిగతా బొమ్మంతా బూడిద పూసినట్టే. అందుకే 99 అలవాటుగా కొడతాం. కొట్టండి. కానీ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టేటప్పుడు మాత్రం క్లిప్ ఒకటే ఉండాలి కదా!

ఏజీసీ (ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్), అంటే బలమైనవీ నీరసమైనవీ అన్నీ ఒకే స్థాయికి తెచ్చే పద్ధతి, వాడేవాళ్లది ఇంకో గొడవ. పెళ్లి ఆల్బమ్‌లో స్టూడియో వాడు పెళ్లికూతురి నుంచి పెదమామయ్య దాకా అందరి మొహాలకీ ఒకటే తెలుపు కొడతాడు చూశారా, అదే ఏజీసీ. గ్యాస్ నిండిన ఇసుక పొర చాలాసార్లు చుట్టుపక్కల పొరలకన్నా గట్టిగా మెరుస్తుంది, మనం వెతికేదే ఆ తేడాని. దాన్ని చదును చేసేశాక ఇక వెతకడానికేముంటుంది? రంగుల సంగతి ఎక్కువ చెప్పను. మ్యాట్‌ల్యాబ్ వాళ్లే 2014లో ఇంద్రధనుస్సు రంగుల్ని డిఫాల్ట్‌గా ఇవ్వడం మానేశారు, మన స్లైడ్లలో ఇంకా అవే. పసుపు దగ్గర కనబడే అంచు చాలాసార్లు రంగుల పట్టీది, డేటాది కాదు.

అన్నట్టు, ఈ బొమ్మల్లో పైనుంచి కిందికి ఉండేది టైమ్. లోతు కాదు. ఒక మీటింగ్‌లో 3 సెకన్లని చూపించి 3 కిలోమీటర్లన్నారు ఒకాయన. అల వెళ్లి రావడానికి పట్టే టైమ్ అది. వేగం సెకనుకి 2000 మీటర్లయితే ఆయన మాట సరిపోతుంది, 3000 అయితే నాలుగున్నర కిలోమీటర్లు.

మా కుర్రాళ్లకి సీస్మిక్ యూనిక్స్ కమాండ్లు కొట్టే ఈ నల్ల స్క్రీనంటే వెటకారం, తాతల కాలం నాటిదంటారు. నిజమే, స్టాన్‌ఫర్డ్‌లో 1970లలో మొదలై కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో పెరిగిన సాఫ్ట్‌వేర్. హొరైజన్లు (పొరల హద్దులు) పట్టుకోవడానికి నేనూ మౌస్ సాఫ్ట్‌వేరే వాడతాను, దీంతో ఆ పని చేయమంటే నా వల్ల కాదు. కానీ మౌస్‌తో స్లైడర్ ఎంత జరిపారో బొమ్మ చూసి ఎవరూ చెప్పలేరు. కమాండ్ అయితే ఒక్క లైను. కాపీ చేసి బొమ్మ కింద పెడితే, ఏం చేశారో, ఎంత చేశారో అవతలివాడు తన మెషిన్ మీద అదే కొట్టి చూసుకుంటాడు. నేను అడిగేది ఆ ఒక్క లైనే.

మొన్న ఒక తమ్ముడు మళ్లీ మెరిసే బొమ్మ పెట్టాడు. "క్లిప్ ఎంత?" అని అడిగాను. "ఆటో అన్నా" అన్నాడు.

చెన్నైలో ఆటో కూడా రేటు మాట్లాడుకున్నాకే ఎక్కుతాం కదరా.