నంబర్ ఒక్కటే చూసి కండెన్సర్ వేయకండి

ఎండలు ముదరగానే బెజవాడ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: ‘మైక్రోఫారడ్ నంబర్ కలిస్తే ఏ కండెన్సర్ అయినా వేయొచ్చు. నంబర్ పెద్దదైతే ఫ్యాన్ ఇంకా జోరుగా తిరుగుతుంది. స్విచ్ కట్టేశాక ముట్టుకున్నా ఏం కాదు.’ మూడూ తప్పే. నమ్మి చేతులు పెట్టేవాళ్లుంటారనే నా భయం.

ముందు నంబర్ సంగతి. మైక్రోఫారడ్ అంటే కండెన్సర్ ఎంత ఛార్జ్ పట్టుకోగలదో చెప్పే కొలత. సీలింగ్ ఫ్యాన్‌లో సాధారణంగా ఉండేది 2.5 మైక్రోఫారడ్ ప్లాస్టిక్ ఫిల్మ్ కండెన్సర్. దాని మీద 440 వోల్ట్ ఏసీ అని ఉంటుంది. ఇంటికొచ్చేది 230 వోల్టులే కదా అనొచ్చు. కానీ మోటార్ తిరుగుతున్నప్పుడు కండెన్సర్ మీద పడే వోల్టేజీ సప్లై కంటే ఎక్కువ, అందుకే ఆ 440. అదే నంబరున్న మామూలు ఎలక్ట్రోలైటిక్ పెడితే ఇంకా ప్రమాదం. దానికి ప్లస్, మైనస్ ఉంటాయి. ఒంటి మీద గీత ఉన్న వైపుది మైనస్ కాలు. మన ఇంటి కరెంట్ ఏసీ, దాని దిశ సెకనుకు 100 సార్లు మారుతుంది. తిరగబడిన వోల్టేజీకి లోపలి ఆక్సైడ్ పొర దెబ్బతిని, వేడెక్కి, గ్యాస్ పుట్టి డబ్బా ఉబ్బుతుంది, పేలుతుంది కూడా. తల మీద ఉండే గాట్లు ఆ గ్యాస్ బయటికి పోవడానికే. ఎలక్ట్రోలైటిక్ చోటు టీవీ, ఛార్జర్లలో, ఏసీని ఒకే దిశలో పారే డీసీగా మార్చే డయోడ్ల తర్వాత, ఆ డీసీని నిలకడగా ఉంచడానికి. ఐసీ (చిప్) పక్కనుండే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కండెన్సర్ పని వేరు: నాయిస్‌ని, అంటే వోల్టేజీలో వచ్చే చిన్న చిన్న ఒడిదుడుకుల్ని, అక్కడికక్కడే అణచడం. బోరు మోటార్ స్టార్ట్ కండెన్సర్ అయితే ఒకటి రెండు సెకన్లు పనిచేసి తప్పుకోవాల్సింది. మోటార్ తిరుగుతున్నంతసేపూ పనిచేసే రన్ కండెన్సర్ చోట దాన్ని పెడితే కాసేపట్లోనే కాలిపోతుంది.

పెద్ద నంబర్‌తో స్పీడు మాటకొస్తే, కండెన్సర్ పాతబడి 2.5 కాస్తా 1.5కి పడిపోతే ఫ్యాన్ నీరసిస్తుంది. కొత్త 2.5 వేస్తే మళ్లీ జోరందుకుంటుంది. మెసేజ్ రాసినవాళ్లు చూసింది బహుశా ఇదే. అంతకు మించి వేస్తే స్టార్టింగ్ వైండింగ్‌లో (మోటార్‌లో కండెన్సర్‌కు కలిపిన తీగచుట్టలో) కరెంట్ పెరిగి వేడెక్కుతుంది. అసలే బెజవాడ మే నెల, రాత్రింబవళ్లు తిరిగే ఫ్యాన్. వైండింగ్ ఎన్నాళ్లు ఆగుతుంది?

మూడోది మరీ ఘోరం. టీవీ పవర్ బోర్డులోని పెద్ద కండెన్సర్ సుమారు 325 వోల్టుల దాకా ఛార్జ్ అవుతుంది. ప్లగ్ తీశాక కూడా అది నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి, నిప్పురవ్వలు లేస్తాయి. తగిన వాటేజీ ఉన్న రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.