రేసు నాడు తప్ప రోజూ రేసే

ఆంధ్రా-ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల తెల్లవారకముందే రోడ్డెక్కే సైకిలిస్టుల గురించి జనంలో ఒక దురభిప్రాయం ఉంది. వాళ్లు ఆరోగ్యం కోసం తొక్కుతారట. ఇది వాళ్ల దీక్షను అవమానించడమే. వాళ్లు పోటీదారులు. ఏడాదికి ఒకటో రెండో వచ్చే అసలు పోటీలను పక్కన పెడితే, మిగతా రోజులన్నీ వాళ్లు పోటీలోనే ఉంటారు. ఆ పోటీల్లో ఓడిపోయినవాడు ఇంతవరకూ కనపడలేదు. పోటీ జరుగుతోందని పక్కవాడికి చెప్పకపోవడమే అందులో కిటుకు.

ఆదివారం రైడ్ సంగతే చూడండి. శనివారం రాత్రి వాట్సాప్ గ్రూపులో ప్రకటన వస్తుంది: "రేపు ఈజీ రైడ్. గోపాలపురంలో టిఫిన్. ఎవర్నీ వదిలేసి వెళ్లం." ఈ మూడింట్లో టిఫిన్ ఒక్కటే నిజం.

ఇద్దరిద్దరు చొప్పున వరస కట్టి గంటకు 24 కిలోమీటర్ల మీద బయల్దేరతారు. ఊరు దాటగానే ముందు వరసలో ఒకాయన ముందుచక్రం పక్కాయన చక్రం కన్నా అర అడుగు ముందుకు జరుగుతుంది. కావాలని కాదు, మాటల్లో పడి. పక్కాయన మర్యాద కొద్దీ ఆ తేడా సరిచేస్తాడు. మొదటాయన మళ్లీ జరుగుతాడు. ఎవరి ముఖంలోనూ మార్పు ఉండదు. ఇద్దరూ పిల్లల ట్యూషన్ల గురించే మాట్లాడుకుంటూ ఉంటారు, కాకపోతే వాక్యాలు పొట్టివవుతూ ఉంటాయి. 24 కాస్తా 28 అవుతుంది, 28 కాస్తా 33 అవుతుంది. కాసేపటికి ట్యూషన్ల ప్రసక్తి ఆగిపోయి ఊపిరి చప్పుడు మాత్రం మిగులుతుంది. సముద్రపు గాలి తగిలే వేళకి వెనకాల రావలసిన నలుగురూ కనపడరు. వాళ్లు టిఫిన్ కొట్టు చేరేసరికి ముందొచ్చినవాళ్లు రెండో విడత ఇడ్లీల్లో ఉంటారు. "ఇవాళ మరీ నెమ్మదిగా వచ్చేసినట్టున్నాం కదండీ" అని ఒకరినొకరు ఓదార్చుకుంటూ ఉంటారు.

శిక్షణ శాస్త్రానికి మన సరిహద్దు జిల్లాలు చేసిన సేవ ఇక్కడే ఉంది. నార్వేలో పనిచేసే స్టీఫెన్ సీలర్ అనే పరిశోధకుడు అగ్రశ్రేణి క్రీడాకారుల శిక్షణ లెక్కలు తిరగేసి ఒక సంగతి పట్టుకున్నాడు. వాళ్ల అభ్యాసాల్లో సుమారు 80 శాతం తేలికపాటివి, 20 శాతం ప్రాణం తీసేవి. మధ్యరకం తక్కువ. మనవాళ్లు ఈ రెండు కొసలనీ సమన్వయపరిచి నూటికి నూరు శాతం మధ్యరకమే చేశారు.

అంకెల్లో చెప్పుకుంటే ఇదీ వరస. ఒకడు గంటసేపు నిలబెట్టుకోగల సత్తువ, అంటే ఎఫ్‌టీపీ, 200 వాట్లు అనుకుందాం. దాన్ని కనుక్కోవడానికి 20 నిమిషాలు శక్తికొద్దీ తొక్కి, వచ్చిన సగటులో 5 శాతం కోసేయాలి. 210 వస్తే 200 రాసుకోవాలి. ఆ కోత మనవాడికి గిట్టదు కాబట్టి 210 అనే రాసుకుంటాడు. అయినా ఫరవాలేదు. 200 ఉన్నవాడికి తేలిక రైడ్ అంటే 110 నుంచి 150 వాట్ల లోపు. ఆ లోపున ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడవచ్చు, ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది, మర్నాడు కాళ్లు తాజాగా ఉంటాయి. చిక్కల్లా పరువుతో. 130 వాట్ల మీద పోతుంటే ఛత్రపురం బడికి పోయే పిల్లలు దాటేస్తారు. అందుకని మనవాడు 175 దగ్గర స్థిరపడతాడు. తేలిక కావడానికి అది ఎక్కువ, బలం పెరగడానికి తక్కువ.

మంగళవారం కఠిన అభ్యాసం ఉంటుంది: 8 నిమిషాల చొప్పున 4 సార్లు, ఒక్కోటీ 210 వాట్ల మీద. మొదటిది 210 వస్తుంది. రెండోది 200. మూడోదాని నడుమ ఫోన్ మోగుతుంది, అదృష్టం. ఆదివారం నాడు ఖర్చయిన గ్లైకోజెన్, అంటే కండరాల్లో నిలవుండే ఇంధనం, ఇంకా పూర్తిగా నిండలేదు, కండరం కోలుకోలేదు, కాబట్టి మంగళవారం కూడా 175 దగ్గరే తేలుతుంది. గురువారం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇలా ఏడాది పొడుగునా చెమట చిందించి, కిందటేడు ఎక్కడున్నాడో అక్కడే నిలబడగలగడం సామాన్యమైన విద్య కాదు.

వేసవిలో ఈ విద్య శిఖరానికి చేరుతుంది. ఆ నెలల్లో ఈ తీరం వెంట గాలి ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. ఇచ్ఛాపురం నుంచి గిరిసోల చెక్‌పోస్టు మీదుగా బరంపురం వచ్చే 16వ నంబరు జాతీయ రహదారి ఈశాన్యానికి పోతుంది. అంటే పాతిక కిలోమీటర్లూ గాలే తోసుకొస్తుందన్నమాట. గాలి లేని రోజున గంటకు 30 కిలోమీటర్ల మీద పోయేవాడు 36 అందుకోవాలంటే గాలిని చీల్చడానికి పెట్టే శక్తి ఇంచుమించు 1.7 రెట్లు కావాలి, ఎందుకంటే ఆ శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. మే నెలలో ఆ లెక్కతో పని లేదు. మనవాడి జీవితకాలపు రికార్డులన్నీ ఎందుకో ఆ నెలలోనే, ఆ దిక్కుకే పుడతాయి. అదే దారిలో ఎదురుగాలిలో ఇచ్ఛాపురం పోయేటప్పటి తొక్కుడుకు, రైడ్లు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో "రికవరీ రైడ్" (అలసట తీర్చుకునే రైడ్) అని పేరు పెడతాడు.

కాళ్లతో గెలవలేని చోట తక్కెడతో గెలవాలి. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం పోటీ సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని నియమం పెట్టింది. ఆ నియమాన్ని ఉల్లంఘించే స్థాయికి చేరేదాకా మనవాడికి నిద్ర పట్టదు. నీళ్ల సీసా పెట్టుకునే మామూలు కేజ్ తీసేసి కార్బన్‌ది బిగిస్తే ఇరవై గ్రాములు తగ్గుతాయి. సీటు కింద సంచి అరకిలో బరువు, దాన్ని ఇంట్లోనే వదిలేస్తాడు. అందులో ఉండేవి ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, చిన్న పంపు, చెయిన్ తెగితే అతికే క్విక్ లింకు, వేలి కొసంత ఇత్తడి అడాప్టరు.

ఆ అడాప్టరు విలువ తుమ్మముల్లు గుచ్చుకున్నాక తెలుస్తుంది. పంక్చరు షాపులో కంప్రెసర్ గొట్టం మోటారుసైకిల్ వాల్వుకు అమరుతుంది గానీ రోడ్ సైకిలు సన్న వాల్వుకు పట్టదు. షాపు పెద్దాయన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. "లచ్చ రూపాయల సైకిలు. గాలెక్కడానికి కన్నమే నేదేటి బాబూ?" అంటాడు. అడాప్టరు ఉంటే వాల్వు కొసన బుల్లి నట్టు వదులు చేసి, దాన్ని బిగించి, గాలి కొంచెం కొంచెంగా పట్టించుకోవచ్చు. ఒక్క బిగిన వదిలితే ఆ సన్న ట్యూబు క్షణాల్లో పేలుతుంది. ఇంకో సంగతి: ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా వేలితో తడిమి ముల్లు తీయాలి. మనవాడు రెండో ట్యూబు కూడా అదే ముల్లుకు బలిచ్చి, "ఈ కంపెనీ ట్యూబులు బాగోవండీ" అంటాడు. ట్యూబు మీద పక్కపక్కన రెండు కన్నాలుంటే మాత్రం తప్పు ముల్లుది కాదు, గాలి తక్కువై గోతిలో రిమ్ము ట్యూబును నొక్కేసిందని అర్థం.

గాలి తక్కువైతే అదీ గొడవ, కాబట్టి మనవాడు రెండో కొసకు పోతాడు. టైరు పక్కన "గరిష్ఠం 120 పీఎస్ఐ" అని రాసి ఉంటుంది, దాన్ని ఆదేశంగా తీసుకుంటాడు. 70 కిలోల మనిషి 28 మిల్లీమీటర్ల టైర్ల మీద మన రోడ్లలో పోవాలంటే వెనక 70, ముందు 65 చాలు. అంతకన్నా బిగిస్తే టైరు ప్రతి గులకరాయి మీదా ఎగురుతుంది, ముందుకు పోవలసిన శక్తి మనిషిని కుదపడానికి ఖర్చవుతుంది. ఆ కుదుపునే మనవాడు వేగం అనుకుంటాడు. గోపాలపురం ఉప్పుగాలికి తుప్పెక్కిన చెయిన్ సంగతి అడగకండి. 12 అంగుళాలు ఉండవలసిన 12 జతల లింకులు అంగుళంలో పదహారో వంతు సాగితే చెయిన్ మార్చేయాలి, లేకపోతే అంతకు ఎన్నో రెట్లు ఖరీదు చేసే క్యాసెట్, అంటే వెనక పళ్లచక్రాల గుత్తి, పళ్లను అది తినేస్తుంది. ఆరణాల స్కేలుతో కొలిచే పని కాబట్టి దీనికి గ్లామర్ లేదు.

కోతలయ్యాక దిగపహండి వైపు, పర్లాకిమిడి వైపు ఊరి రోడ్ల మీద వరిగడ్డి, ఉలవ మొక్కలు పరుస్తారు, బళ్లు తొక్కి నూర్చిపెడతాయని. వాటి మీద పోయేటప్పుడు బ్రేకు వేయకూడదు, హ్యాండిలు తిప్పకూడదు. కింద గింజలు దొర్లుతాయి. తీగలు గేర్లు మార్చే వెనక డిరైలర్ బుల్లి చక్రాల్లో చుట్టుకుంటే వెంటనే దిగి, పెడలు వెనక్కి తిప్పుతూ లాగేయాలి. అర నిమిషం పని. ఆగితే సగటు వేగం పడిపోతుంది కనక మనవాడు ఆగడు. ఇంకో నాలుగు తొక్కుళ్లు బలంగా తొక్కుతాడు. డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అనే అల్యూమినియం ముక్క వంగుతుంది. ఫ్రేము దక్కాలని వంగడానికే చేసిన ముక్క అది. అది వంగిందని చూసుకోకుండా పెద్ద పళ్లచక్రానికి గేరు మారిస్తే డిరైలర్ స్పోకుల్లోకి పోతుంది. ఇక ఆటో పిలవడమే. ఆ సాయంత్రం స్ట్రావాలో మాత్రం పడిపోని సగటు భద్రంగా ఉంటుంది.

తిండి విషయంలో పోటీ ధర మీద జరుగుతుంది. రెండు గంటలు మించి గట్టిగా తొక్కేవాడికి గంటకు సుమారు 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. పొట్లాల్లో వచ్చే ఎనర్జీ జెల్ ఒక్కోదాంట్లో ఇరవై పాతిక గ్రాములుంటాయి, అంటే గంటకు మూడు. దాని బదులు 750 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు, సగం నిమ్మకాయ పిండుకుంటే పంచదార ఖర్చు మూడు రూపాయలు. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. పేగు ఈ రెంటినీ వేరువేరు దారుల్లో పీల్చుకుంటుంది కాబట్టే ఖరీదైన జెల్‌లలోనూ ఆ రెంటినే కలుపుతారు. అయితే మూడు రూపాయల సీసాను ఫొటో తీసి పెట్టడం ఎలా? ఇంట్లో అమ్మ ఉప్పేసి, ఉల్లిపాయ నంజుకోమని పెట్టిన చద్దన్నం ముఖం చూడకుండా, మనవాడు విదేశీ రికవరీ పొడిని నీళ్లలో గిలకొట్టుకుంటాడు. మార్చి 20న ఒడిశా అంతా పఖాళ దినం చేసుకునేటప్పుడు మాత్రం అదే చద్దన్నం గిన్నెతో సెల్ఫీ దిగుతాడు.

ఇక బ్రెవేలు, అంటే గడువులోగా ముగించే దూరప్రయాణాలు. ఇవి పోటీలు కావని నిర్వాహకులు మొత్తుకుంటారు. ర్యాంకులుండవు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో, 300 అయితే 20 గంటల్లో, 400 అయితే 27, 600 అయితే 40 గంటల్లో ముగిస్తే చాలు. 200కు సగటున గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు, ఆగే సమయంతో కలిపి. పోటీ కాదని ఇంత గట్టిగా చెప్పాక మనవాడు ఊరుకుంటాడా? కార్డు మీద ముద్ర వేసే మొదటి కంట్రోలు తెరవకముందే అక్కడికి చేరి తలుపు దగ్గర నిలబడతాడు. మిగిలినవాళ్లు తీరిగ్గా భోంచేసి వస్తుండగా, 150వ కిలోమీటరు దగ్గర చెట్టు కింద వెల్లకిలా పడుకుని ఉంటాడు. అయినా కార్డు మీద ముద్ర పడగానే "మూడో స్థానం" అని ప్రకటిస్తాడు. ఎవరిచ్చారని అడిగినవాడు గ్రూపులో ఉండడు.

చివరికి అసలు రేసు రానే వస్తుంది. పుస్తకాల ప్రకారం చివరి వారం పది రోజులు తొక్కే దూరం సగానికి తగ్గించాలి, తీవ్రత మాత్రం తగ్గించకూడదు. మనవాడు తీవ్రత తగ్గించి దూరం పెంచుతాడు. శనివారం నాడు "కాళ్లు కాస్త తెరుచుకోవాలి" అని బరంపురం నుంచి తప్తపాణి దాకా పోయి, ఘాటీ ఎక్కి, వేడినీటి బుగ్గ దగ్గర ఫొటో దిగి వస్తాడు. రానూ పోనూ వంద కిలోమీటర్లు. రాత్రి పదకొండింటికి కొత్త చక్రాలు ఎక్కిస్తాడు. తెల్లారాక కొత్త బూట్లు.

జెండా ఊపగానే మనవాడే ముందు. మొదటి కిలోమీటరు నుంచే గాలిని చీలుస్తూ గుంపునంతా లాగుతాడు. అతని చక్రం వెనక అడుగు దూరంలో ఉన్నవాడికి శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. ఈ సంగతి మనవాడికి తెలుసు, గ్రూపులో వీడియో పంపింది తనే. కానీ వెనకుండటం ఏడాదిలో ఒక్కరోజు కూడా సాధన చేయలేదు. ఆఖరి 300 మీటర్లలో వెనకనుంచి ఒకడు ప్రశాంతంగా బయటికొచ్చి దాటిపోతాడు. చూస్తే, ఆదివారాల్లో టిఫిన్ కొట్టుకు ఆలస్యంగా చేరే నలుగురిలో ఒకడు. ఈజీ రైడ్ అంటే ఈజీగానే తొక్కాలని నమ్మిన అమాయకుడు.

ఆ తర్వాత విచారణ. మొదటి ముద్దాయి గాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన నాటి గాలి కూడా ఆ రోజు గాలి ముందు దిగదుడుపేనని తేలుతుంది. రెండోది కుక్క. మూడోది సైకిలు, ఇదొక్కటి నిజం. చక్రం పైకెత్తి తిప్పితే డిస్కు బ్రేకు ప్యాడుకు రాసుకుంటూ సన్నగా చప్పుడు చేస్తుంది. రాత్రి కొత్త చక్రం ఎక్కించినప్పుడు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ సరిచూసుకోలేదు. అలెన్ కీతో కాలిపర్ బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, బ్రేకు లీవరు నొక్కిపట్టి, అలాగే ఉంచి మళ్లీ బిగిస్తే రెండు నిమిషాల్లో పోయే రాపిడి. మనవాడు ఆ రాత్రే సైకిలు ఫొటోలు తీసి అమ్మకానికి పెడతాడు. కింద వివరం: "రేసులో ఒక్కసారే వాడినది. కొత్తదానితో సమానం."