పండితుడు పోయాక ఆయన బీరువా ఏమవుతోంది?

హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి పొట్టి శ్రీరాములు పేరు బదులు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఎప్పటినుంచో ఉంది. పేరు మార్పుపై వాదాలన్నీ అయిపోయాయి, మళ్లీ తవ్వను. ఆయన చేసిన పనిని ఈ నగరం వదిలేసిందన్నదే నా బాధ.

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ఏం చేశారు? ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. 354 మంది కవులు! ఆ సంచికే లేకపోతే వాళ్లలో చాలామంది పేర్లు మనదాకా వచ్చేవి కావు. తలుచుకోవడమంటే అదీ.

మనం సంస్మరణ సభలు పెడతాం. ఒక ఆచార్యుడి సభకు వెళ్లాను. రెండు గంటల సేపు ఆయన మంచితనం, ఆయనతో తమ పరిచయం గురించే చెప్పారు. ఆయన రాసిన పుస్తకంలోంచి ఒక్క పేరా చదివినవాళ్లు లేరు. కొన్నాళ్లకు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆయన సంతకమున్న పుస్తకం కనిపించింది. మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు. గుండె కలుక్కుమంది. ఇంటివాళ్లను తప్పుపట్టను. చిన్న ఫ్లాట్‌లో ఆరు బీరువాల పుస్తకాలు ఎక్కడ పెట్టుకుంటారు? ఎవరికైనా ఇద్దామన్నా తీసుకునే చోటు ఏదో వాళ్లకు తెలియదు.

విగ్రహం ఉంటేనే కదా పిల్లలు ఎవరని అడుగుతారు, పాత పుస్తకాలన్నీ ఇప్పుడు నెట్‌లో ఉన్నాయి కదా అంటారు కొందరు. అడిగిన పిల్లవాడి చేతిలో పెట్టడానికి పుస్తకం ఉండాలి. నెట్‌లో దొరికేవీ ఎక్కువగా అచ్చయినవే. నోటుపుస్తకాలు, క్యాసెట్లు, ఉత్తరాలు ఎవరు స్కాన్ చేశారు?

ఉస్మానియాలో జానపద గేయాలను పరిశోధన స్థాయికి తెచ్చిన బిరుదురాజు రామరాజు ఊళ్లు తిరిగి పాటలు సేకరించారు. ఇక భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. ద్రావిడ భాషలపై 2003లో కేంబ్రిడ్జ్ వేసిన ఆయన గ్రంథాన్ని ప్రపంచం మెచ్చింది. నాకు మాత్రం 1962 నాటి మాండలిక వృత్తి పదకోశమే ఆయన అసలు కానుక. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారో రైతులనే అడిగి రాయించారు. అలాంటి మాటల ఆధారంగానే తెలుగు నేలను నాలుగు మాండలిక ప్రాంతాలుగా చూపారు. రైతు నోటి మాటే అక్కడ ప్రమాణం! ఆ వరుసలో చేనేత కోశం కూడా వచ్చింది.

అరవై ఏళ్లు దాటాయి. నాగళ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. కర్రు, మేడి, నొగ అంటూ ఒక్కో భాగాన్ని చూపించి చెప్పగలిగినవాళ్లు ముసలివాళ్లైపోయారు. అప్పుడు తిరిగిన ప్రాంతాలకే మళ్లీ వెళ్లి ఏ మాట మిగిలింది, ఏది మారింది అని రాసుకుంటే అంతకన్నా గొప్ప జయంతి ఉత్సవం ఉంటుందా? విద్యార్థులకు బస్సు చార్జీలు, ఒక రికార్డర్ చాలు, పని మొదలవుతుంది.

ఈ పని ఇప్పుడే చేయడానికి ఇంకో కారణం ఉంది. ఫోన్లు తెలుగు నేర్చుకుంటున్నాయి. వాటికి అందుతున్నది ఎక్కువగా పత్రికల తెలుగు, సినిమా తెలుగు. పాలమూరు రైతు తన మాటల్లో అడిగితే మిషన్ బిక్కమొహం వేస్తుంది. అప్పుడు ఆయన తన భాష మార్చుకోవాలి, లేదా నోరు మూసుకోవాలి. పదకోశాలు పండితుల సరదా అనుకునేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. హైటెక్ సిటీ ఉన్న ఊళ్లోనే ఇది జరగడం నాకు సిగ్గుగా ఉంది.

అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియాగా మొదలైంది. అక్కడ ఒక హాలు, ఒక స్కానర్, కేటలాగ్ చేయడానికి ఇద్దరు మనుషులు కావాలి. పండితుడు పోయిన ఇంటికి వాళ్లే వెళ్లి కాగితాలు అడగాలి. పేరు మార్చడానికి చట్టం చేయగలిగిన ప్రభుత్వానికి ఇదేమంత భారం?

ఆ ఫుట్‌పాత్ పుస్తకం నా దగ్గరే ఉంది. హాలు తెరిచిన రోజు మొదట తెచ్చిచ్చేది అదే.