150ని 10తో భాగిస్తే విషం లెక్క తేలదు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తిరుగుతోంది: "మన బియ్యంలో ఆర్సెనిక్ 150. నీళ్లలో హద్దు 10. అంటే 15 రెట్ల విషం! క్రోమియం కూడా దొరికింది. ఐసీపీ-ఎంఎస్ మెషీన్ చెప్పాక తిరుగులేదు. బాగా కడిగి వండుకోండి." ఐసీపీ-ఎంఎస్ అంటే నమూనాను వేడి ఆర్గాన్ ప్లాస్మాలో అయాన్లుగా (చార్జి ఉన్న పరమాణువులుగా) మార్చి, బరువును బట్టి లెక్కపెట్టే యంత్రం.

"15 రెట్లు": 10 అనేది లీటరు నీటికి మైక్రోగ్రాములు, 150 కిలో బియ్యానికి. పాలిష్ బియ్యానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2014లో పెట్టిన హద్దు కిలోకు 200, అదీ ఎక్కువ విషమైన రకం, ఇనార్గానిక్ ఆర్సెనిక్‌కే. మామూలు ఐసీపీ-ఎంఎస్ పరీక్షలో వచ్చేది మొత్తం ఆర్సెనిక్. రకాలు విడదీయాలంటే మెషీన్ ముందు హెచ్‌పీఎల్‌సీ కాలమ్ (ద్రవంలోని రకాలను వేరుచేసే గొట్టం) తగిలించాలి. మెషీన్లను సరిచూసుకోవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఇచ్చే ప్రామాణిక బియ్యప్పిండి 1568బి లో మొత్తం 285, ఇనార్గానిక్ 92 మాత్రమే.

అలాగని 150ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. రోజుకు 400 గ్రాముల బియ్యం తింటే 60 మైక్రోగ్రాములు చేరతాయి. సరిగ్గా హద్దు దగ్గర, అంటే 10 ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగితే చేరేది 20. పూటపూటా అన్నమే తినేవాళ్లు ఇనార్గానిక్ ఎంతో అడగాల్సిందే.

"తిరుగులేదు": ఎందుకు లేదు? ఆర్సెనిక్ పరమాణువు బరువు 75. మెషీన్ ఆ 75 దగ్గర అయాన్లను లెక్కపెడుతుంది, అంతే. ప్లాస్మాలోని ఆర్గాన్ 40, నమూనాలోని క్లోరిన్ 35 అతుక్కున్నా 75 అవుతుంది. మెషీన్‌లో అయాన్లు దాటి వెళ్లే గదిలో (సెల్) హీలియం పెడితే ఇది చాలావరకు ఆగుతుంది. మెషీన్ చూసేది బరువును చార్జితో భాగించిన అంకెను, కాబట్టి నియోడిమియం 150 రెండు చార్జీలతో వచ్చినా 75గానే కనిపిస్తుంది. దాన్ని హీలియం ఆపలేదు. నమూనా సరిగ్గా కరగక కార్బన్ మిగిలినా ఆర్సెనిక్ సిగ్నల్ ఉబ్బుతుంది.

ఇక గుణకారం. అర గ్రాము పిండిని నైట్రిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మైక్రోవేవ్‌లో కరిగించి 50 మి.లీ. చేస్తే, రీడింగును 100తో గుణించాలి. 150 అంటే మెషీన్ మీద లీటరుకు 1.5 మైక్రోగ్రాములు మాత్రమే. యాసిడ్ బ్లాంకులోనే (పిండి వేయకుండా అలాగే నడిపిన యాసిడ్‌లో) 0.3 ఉండి, దాన్ని తీసేయడం మరిస్తే 120 కాస్తా 150 అయి కూర్చుంటుంది. రిపోర్టులో బ్లాంకు, ప్రామాణిక పిండి ఫలితం లేకపోతే ఆ అంకెను నమ్మలేం.

"క్రోమియం": బియ్యాన్ని స్టీలు బ్లేడు మిక్సీలో పట్టారేమో ముందు కనుక్కోండి. పైగా ఆర్గాన్ 40, కార్బన్ 12 కలిస్తే 52, క్రోమియం చోటే.

"కడిగి వండుకోండి": ఉత్త కడుగుడుతో తగ్గేది కొద్దే. ఆరింతల నీళ్లలో ఉడికించి గంజి వారిస్తే ఇనార్గానిక్ బాగా తగ్గుతుంది, ఆ గంజి తాగకపోతేనే. ఎసరు పెట్టే బోరు నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే మాత్రం అన్నంలోకి ఇంకా ఎక్కుతుంది. కాబట్టి ముందు ఆ నీళ్లను పరీక్షకు పంపాలి.