ఎన్ని బెడ్‌రూములని కాదు, మట్టిదారి ఎంత దూరమని అడుగుతున్నా

వచ్చే నెల నుంచి ఆఫీసుకి రావాల్సిందేనని మెయిల్ వచ్చింది. అంటే విజయనగరం నుంచి గచ్చిబౌలికి మకాం మార్చాలి. హైదరాబాద్‌లో ఉన్న తెలిసినవాళ్ళందరినీ ఒకటే అడిగాను, మౌంటెన్ బైక్ తొక్కడానికి అక్కడ దారులెక్కడున్నాయి అని. నీళ్ళకి ఇబ్బంది లేని ఏరియా చూసుకో, మెట్రో దగ్గర చూసుకో, మెయింటెనెన్స్ ఎంతో ముందే కనుక్కో... అడిగిందొకటి, చెప్పిందొకటి. మా అమ్మయితే, "ఆఫీసుకి దగ్గర్లో ఇల్లు సూసుకోరా నాయనా అంటే రాళ్ళూ రప్పలూ ఎక్కడున్నాయని అడుగుతావేటి!" అంది.

అడగనా మరి? ఇక్కడ మామూలు మంగళవారం కూడా పొద్దున్నే ఐదింటికి బయల్దేరి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం పోతాను, టౌన్ నుంచి పన్నెండు కిలోమీటర్లుంటుందేమో. అక్కడ తారు దిగి డొంకలో పడితే ఇంక నా లోకం నాది. మన కొండల్ది ఖొండలైట్ రాయి కదా, పొడిపొడిగా రాలి ఎర్ర గులకవుతుంది, దాని మీద ముందు బ్రేకు కొంచెం గట్టిగా పట్టామా, చక్రం పక్కకి జారిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో జీడితోటల్లోంచి వెళ్తే కింద రాలిన పళ్ళు టైర్లకింద చితికి, ఇంటికొచ్చాక కూడా సైకిల్ పులిసిన వాసనేస్తుంది. గురుభక్తుల కొండ దగ్గర మాత్రం సైకిల్ కింద పెట్టేసి నడిచే ఎక్కుతా, పైన బౌద్ధ కట్టడాల శిథిలాలున్నాయి, వాటి మధ్య టైర్లు తిప్పేవాణ్ణి మాత్రం క్షమించలేను. ఎనిమిదికి ఇల్లు, తొమ్మిదికి లాప్‌టాప్.

హైదరాబాద్ అనగానే అందరూ చెప్పేది అనంతగిరి. మన ఎస్.కోట పైనున్న అనంతగిరి కాదండీ, వికారాబాద్ దగ్గరిది, మూసీ పుట్టే చోటు. అడవి బాగుంటుంది, కాదనను. కానీ సిటీ నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కారుకి సైకిల్ కట్టుకుని, టిఫిన్లు మూట కట్టుకుని, నలుగురి తీరికా కుదుర్చుకుని నెలకోసారి వెళ్ళేదాన్ని పిక్నిక్ అంటారు. నాకు కావాల్సింది ఆఫీసుకి ముందు గంటన్నర.

రెండోది సోలార్ సైకిల్ ట్రాక్. ఔటర్ రింగ్ రోడ్ పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ ప్యానెళ్ళ కప్పు, 2023లో తెరిచారు. సన్న టైర్ల రోడ్ బైక్ వాళ్ళకి పండగే. నా లావు టైర్లతో అక్కడ తొక్కితే మాత్రం మిక్సీలో పప్పు వేసినట్టు ఒకటే రొద. "సైక్లింగ్‌కి బెస్ట్ రా" అని దాని లింక్ పంపినవాళ్ళు ఏడుగురు, లెక్కపెట్టాను.

లాభం లేదని నాలుగు రోజులు సెలవు పెట్టి, సైకిల్ రైల్లో పార్సిల్ వేసి నేనే వెళ్ళాను. శాటిలైట్ మ్యాప్‌లో సన్నటి తెల్ల గీతలు వంకర్లు తిరిగి ఉంటే దారి, గళ్ళు గళ్ళుగా ఉంటే వెంచర్. ఈ లెక్కన పడమటి వైపు, గండిపేట దాటి మొయినాబాద్, శంకర్‌పల్లి పక్కల గీతలు బోలెడు కనిపించాయి. అంత మట్టి ఇంకా అక్కడ మిగిలిందంటే 111 జీవో పుణ్యం. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్ళు కాపాడాలని 1996లో 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ప్రభుత్వం వాటిని ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి నేను చూసిన మట్టి ఎన్నాళ్ళుంటుందో దేవుడికెరుక. మ్యాప్‌లో గుర్తుపెట్టుకున్న గీతల్లో రెండు అప్పటికే రేకుల కంచె వెనక్కి పోయాయి, ఒకదాని ముందు ఆర్చ్ కూడా లేచింది.

కానీ మూడోరోజు ఒక గుట్ట మీద గ్రానైట్ బండల మధ్య సందు దొరికింది, అరకిలోమీటరు కూడా ఉండదు. పట్టు కోసం టైర్లలో గాలి 22 పీఎస్ఐకి దించి ఎక్కించాను. మన గులక మీద భయపడి భయపడి తొక్కేవాడికి ఆ బండ స్వర్గం, టైరు బల్లిలా అతుక్కుంటుంది! నాలుగుసార్లు ఎక్కి దిగాను.

ఐదోసారి గేర్ పట్టుకునే హ్యాంగర్ విరిగింది. అసలది పార్సిల్‌లోనే వంగిపోయిందని తర్వాత తెలిసింది. డీరైలర్, అంటే చైనుని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి మార్చేది, ఊడి స్పోకుల్లో ఇరుక్కుంది, మూడు కిలోమీటర్లు నడక. షాపులో హ్యాంగర్ లేదు, గేర్ సెట్ మొత్తం మార్చెయ్యమన్నాడు. వేలికి దెబ్బ తగిలితే చెయ్యి తీసేస్తాననే రకం. సైకిల్ పార్సిల్ వేసేవాళ్ళు ముందు డీరైలర్ విప్పి ఫ్రేముకి కట్టండి, హ్యాంగర్ ఒకటి స్పేర్ పెట్టుకోండి.

మొత్తానికి శంకర్‌పల్లి రోడ్డు వైపు ఇల్లు ఖాయం చేశాను. ఆఫీసు 17 కిలోమీటర్లు, మట్టి 6 కిలోమీటర్లు. "తలకాయ ఉన్నవాడెవడైనా ట్రాఫిక్‌లో గంట కూర్చుంటాడా?" అన్నాడు మా బావ. ఆఫీసు పక్కనే ఉంటూ మట్టి కోసం వారమంతా ఆదివారం వైపు చూస్తూ కూర్చోమంటాడా?

ఈ ఆదివారం ఆఖరిసారి రామతీర్థం పోతున్నా. వచ్చేవాళ్ళుంటే ఐదుంపావుకి గంటస్తంభం దగ్గరుంటాను. పంపు మీరే తెచ్చుకోండి, నాది హైదరాబాద్‌లో ఆ గుట్ట మీదే మర్చిపోయాను.