అత్యవసర నిల్వ: వారానికి కిలోంపావు లెక్క

2018లో స్వీడన్ ప్రభుత్వం దాదాపు 48 లక్షల ఇళ్లకు ఒక చిన్న పుస్తకం పంపింది. యుద్ధమో, పెద్ద విపత్తో వస్తే ఇంట్లో ఏమేం ఉండాలో అందులో రాశారు. 2024లో దాన్ని సవరించి మళ్లీ పంచారు. జర్మనీ పది రోజుల తిండి ఇంట్లో పెట్టుకోమని చెబుతోంది. కనీసం 72 గంటలు బయటి సాయం లేకుండా గడిపేలా ప్రజలు సిద్ధంగా ఉండాలని 2025 మార్చిలో యూరోపియన్ యూనియన్ కోరింది. ఇవన్నీ మంచి మాటలే. కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలని కుటుంబం పది రోజుల తిండి ఎక్కడి నుంచి తేవాలి? ఇలాంటి సలహాలు చదివిన ప్రతిసారీ నన్ను పట్టుకునే ప్రశ్న అదే. విపత్తు వస్తే ఎక్కువ నష్టపోయేది ఆ కుటుంబమే కదా.

బజారు దీనికి ఒక జవాబు తయారుగా పెట్టుకుంది. పాతికేళ్లు పాడవని ఎండబెట్టిన భోజనం, అందమైన బకెట్, పైన 'ఎమర్జెన్సీ కిట్' అని పేరు. నా అభిప్రాయంలో తక్కువ డబ్బున్నవాళ్లు ఆ వైపు చూడనక్కర్లేదు. ఎంత కేలరీకి ఎంత ధర పడుతుందో లెక్క వేస్తే మామూలు గింజలకూ దానికీ పోలికే ఉండదు.

ఆ లెక్క ఒకసారి వేద్దాం. అత్యవసర సహాయం అందించే సంస్థలు మనిషికి రోజుకు సగటున 2,100 కేలరీలు కావాలని లెక్కగడతాయి. నలుగురికి వారం రోజులకు 58,800. పది కిలోల బియ్యంలో సుమారు 36 వేల కేలరీలు ఉంటాయి. మూడు కిలోల పప్పులో 10 వేలు, లీటరు నూనెలో 8 వేలకు పైగా, కిలో చక్కెరలో దాదాపు 4 వేలు. మొత్తం 58 వేలు దాటుతుంది. అంటే పదిహేను కిలోల మామూలు సరుకు నలుగురిని వారం పాటు నిలబెడుతుంది. రోజూ అదే తినడం సుఖంగా ఉండదు, కూరగాయల లోటూ ఉంటుంది. కాస్త పల్లీలు, పాలపొడి చేరిస్తే మెరుగు. కానీ పునాది ఇదే, ఇది అందనంత ఎత్తులో ఏమీ లేదు. ఈ పదిహేను కిలోలను పన్నెండు వారాలకు పంచితే వారానికి కిలోంపావు. ఎప్పుడూ కొనే సరుకుతో పాటు అంత అదనంగా తెచ్చుకుంటే మూడు నెలల్లో వారం నిల్వ చేతికొస్తుంది. ఏదైనా వారం కుదరకపోతే వదిలేయండి, టెన్షన్ పడే పని లేదు.

ఇలా నెమ్మదిగా కొనడంలో ఇంకో మేలు ఉంది. దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. 2020 మార్చిలో చాలా దేశాల్లో దుకాణాల అరలు రోజుల్లో ఖాళీ అయ్యాయి. అలాంటప్పుడు ముందుగా వెళ్లి బండి నింపుకునేది డబ్బున్నవాళ్లే. జీతం వచ్చే దాకా ఆగాల్సిన మనిషి వెళ్లేసరికి ఏమీ మిగలదు. అంతా మామూలుగా ఉన్న రోజుల్లో కొద్దికొద్దిగా కొనేవాళ్ల వల్ల ఎవరికీ కొరత రాదు. పైగా ఆపద రోజున వాళ్లు ఆ క్యూలో నిలబడరు, వాళ్ల వంతు సరుకు ఇంకొకరికి దొరుకుతుంది. అందుకే ముందుగా కొనడాన్నీ, భయంతో ఎగబడి కొనడాన్నీ ఒకే గాటన కట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

తిండి కన్నా ముందు నీళ్లు. మనిషికి రోజుకు సుమారు నాలుగు లీటర్లు పెట్టుకోమంటారు. నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, వారానికైతే 112. ఒక్క గదిలో బతికే కుటుంబానికి వారం నీళ్లు దాచే చోటు ఉండదు కాబట్టి మూడు రోజులతో మొదలుపెట్టడమే మేలు. శుభ్రంగా కడిగిన కూల్‌డ్రింక్ బాటిళ్లు చాలు. పాల డబ్బాలు మాత్రం వద్దు, ఎంత కడిగినా పాల అంశం పూర్తిగా పోదు, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కుళాయి నీళ్లు నింపుకుని ఆరు నెలలకోసారి మార్చుకోవాలి. నిల్వ అయిపోయాక దొరికిన నీళ్లు తాగాల్సి వస్తే తెర్లే దాకా కాచి ఒక నిమిషం పాటు అలాగే తెర్లనివ్వాలి, బాగా ఎత్తైన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు. కాచే వీలు లేకపోతే వాసన కలపని మామూలు గృహ బ్లీచ్, 5 నుంచి 9 శాతం గాఢత ఉన్నది, లీటరు తేట నీటికి రెండు చుక్కలు వేసి అరగంట ఆగాలి.

నిల్వలో డబ్బు పోయేది కొన్నప్పుడు కాదు, పారేసినప్పుడు. ఇంట్లో ఎవరూ తినని వస్తువు చవకగా దొరికిందని తెస్తే అది చివరికి చెత్తబుట్టకే వెళ్తుంది. జపాన్‌లో 'రోలింగ్ స్టాక్' అనే పద్ధతిని ప్రచారం చేస్తారు. రోజూ తినేదే కాస్త ఎక్కువ పెట్టుకుని, పాతది ముందు వాడి, వాడినంత మళ్లీ కొనడం. నాకు తెలిసి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు. కొత్త ప్యాకెట్ వెనక్కి, పాతది ముందుకు జరిపితే సరిపోతుంది.

గింజల గుణం కూడా కాస్త తెలిసుండాలి. ముడి బియ్యం ఆరోగ్యానికి మంచిదే, కానీ దాని తవుడులో నూనె ఉంటుంది కనుక కొన్ని నెలల్లోనే వాసన వస్తుంది. నిల్వకు తెల్ల బియ్యమే నయం. పప్పులు చాలా కాలం ఆగుతాయి, కాకపోతే పొట్టుతో ఉన్న గింజలు పాతబడే కొద్దీ గట్టిపడి ఎంతకీ ఉడకవు. గ్యాస్ దొరకని రోజున అది పెద్ద కష్టం. అందుకే పొట్టు తీసి బద్దలు చేసిన పప్పు నా మొదటి ఎంపిక. పురుగు సంగతికొస్తే, దాని గుడ్లు తరచు సరుకుతోనే వస్తాయి. తెచ్చిన ప్యాకెట్‌ను నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తడి పూర్తిగా ఆరాక గాలి చొరబడని డబ్బాలో పోసుకుంటే ఆ బెడద చాలావరకు పోతుంది. డబ్బా తిండి కొంటే ఉబ్బినది, కారుతున్నది ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోవద్దు.

పదిహేను కిలోల లెక్కలో ఒక లోపం ఉంది. బియ్యం, పప్పు ఉడకాలంటే మంటా నీళ్లూ కావాలి. కాబట్టి మొదటి రెండు రోజులకు వండకుండా తినేవి వేరుగా పెట్టుకోవాలి. కరెంటు పోతే మూసి ఉంచిన ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు నాలుగు గంటలే నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ అయితే రెండు రోజులు ఆగుతుంది. ముందు ఫ్రిజ్‌లోవి తిని, గింజల జోలికి చివర్లో వెళ్లాలి. బొగ్గుల కుంపటిని మాత్రం ఎంత చలి ఉన్నా ఇంట్లో వెలిగించకూడదు, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో ఒక్కసారిగా కరెంటు పోయింది. కార్డులు పనిచేయక చాలామంది చేతిలో నోట్ల కోసం, వార్తల కోసం బ్యాటరీ రేడియోల కోసం వెతుక్కున్నారు. తిండి గురించి ఇంత ఆలోచించే మనం కొన్ని చిన్న నోట్లు, రోజూ వేసుకునే మందులు, పసిపిల్లల పాలపొడి, నెలసరి ప్యాడ్లు మర్చిపోతాం. మందుల విషయంలో డాక్టర్‌ను అడిగితే ఒక వారానికి అదనంగా రాసివ్వవచ్చు, అడగడానికి మొహమాటపడకండి.

అసలు ఆపద అంటే భూకంపం, యుద్ధమే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఎక్కువ ఇళ్లలో అది ఉద్యోగం పోవడంగానో, సంపాదించే మనిషి మంచం పట్టడంగానో వస్తుంది. ఆ నెలలో తిండి ఖర్చు ఒక వారం తగ్గితే అప్పు అంతమేర తగ్గుతుంది. దాచిన సరుకు డబ్బును కట్టిపడేయడమేనని వాదించేవాళ్లకు నేను చెప్పేది ఇదే: వడ్డీకి తెచ్చే అప్పు ఒక్కటి తప్పినా ఆ డబ్బు తిరిగొచ్చినట్టే.

నిల్వ సగం అయినా చాలు, ఒక సెలవు రోజు సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపేసి, కుళాయి ముట్టకుండా, దాచినదానితోనే మర్నాడు పొద్దుటి దాకా గడిపి చూడండి. టార్చిలో బ్యాటరీలు ఉన్నాయో లేదో, డబ్బా మూత తెరిచే పనిముట్టు ఎక్కడుందో, అంట్లు కడగడానికి ఎన్ని నీళ్లు పోయాయో ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుని లేనివన్నీ కాగితం మీద రాయండి. వచ్చే వారం కొనే కిలోంపావు స్థానంలో ఆ కాగితంలో మొదటిది తెచ్చుకోవచ్చు.