గ్లాస్గో సబ్‌వే బొమ్మ రైలు కాదు మావయ్యా

మూడు రోజుల నుంచి మా బంధువుల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. టెక్కలి వాళ్లు పెట్టారు, గుణుపురం వాళ్లు పెట్టారు, నిన్న చిన్న మావయ్య కూడా పెట్టారు. సారం ఇది: స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో టూరిస్టుల కోసం కట్టిన బొమ్మ రైలు ఒకటుంది, మొదటి రోజు నుంచీ కరెంటుతో ఒక్క రోజూ ఆగకుండా నడిచింది, అయినా 130 ఏళ్లలో ఒక్క స్టేషనూ పెరగలేదు, కాబట్టి చిన్న ఊళ్లకి రైలు దండగ. పర్లాకిమిడిలో పుట్టి పెరిగినదాన్ని, ఇది చదివి ఊరుకోలేకపోయాను.

ముందు బొమ్మ రైలు మాట. మెసేజ్‌లో చెప్పింది గ్లాస్గో సబ్‌వే గురించి, అంటే నేల కింద సొరంగంలో నడిచే సిటీ రైలు. దాని పట్టాల మధ్య ఎడం నాలుగడుగులే, నిజమే. మన నౌపడా లైను అప్పట్లో అంతకంటే చిన్నదిగా ఉండేది, రెండున్నర అడుగులు, 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించారు. మా తాత వంకాయల గంపతో టెక్కలి వెళ్లేది దాంట్లోనే. గంప సీటు కింద పట్టక కాళ్ల మధ్య పెట్టుకుంటే ఎదురు సీటాయన మోకాళ్లు దానికి తగులుతుండేవి, అయినా ఇద్దరూ కబుర్లు ఆపేవారు కాదు. అది బొమ్మ రైలైతే మా ఇంట్లో సగం చదువులు బొమ్మ రైలు మీద వచ్చినవే. గ్లాస్గోలోనూ గోడల వెంబడి ఎదురెదురు సీట్లే. హిల్‌హెడ్‌లో యూనివర్సిటీ పిల్లలు దిగుతారు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న రోజున ఐబ్రాక్స్‌లో జనం కిక్కిరిసిపోతారు, ఎంత దూరం వెళ్లినా టికెట్ ఒకటే ధర. పదిన్నర కిలోమీటర్ల గుండ్రటి లైను, 15 స్టేషన్లు, ఒక చుట్టుకి 24 నిమిషాలు. రద్దీ వేళ నాలుగు నిమిషాలకో రైలు వచ్చేది టూరిస్టుల కోసమా?

కరెంటు సంగతి పూర్తిగా తప్పు. 1896 డిసెంబరు 14న మొదలైనప్పుడు అది తాడుతో నడిచింది. స్కాట్లాండ్ స్ట్రీట్‌లో ఆవిరి ఇంజన్లు పెట్టి, సొరంగమంతా తిరిగే ఇనుప తాడుని లాగేవారు; పెట్టె కింద ఉన్న పట్టుతో డ్రైవరు ఆ తాడుని పట్టుకుంటే బండి కదిలేది, వదిలేసి బ్రేకు వేస్తే ఆగేది. కరెంటు 1935లో వచ్చింది. నాకు ఇంకా ముచ్చటేసేది వేరే ఉంది. అప్పట్లో ఆ లైనుకి పాయింట్లే లేవు, అంటే బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే అమరికే లేదు. గోవన్ అనే చోట రిపేరు షెడ్డు నేల పైన, పట్టాలు కింద సొరంగంలో. రిపేరు వస్తే పెట్టెని క్రేన్‌తో గొయ్యిలోంచి పైకెత్తేవారు, పనయ్యాక మళ్లీ జాగ్రత్తగా దించేవారు. 1977 వరకూ ఇదే పద్ధతి.

ఒక్క రోజూ ఆగలేదట. మొదటి రోజు రాత్రే క్లైడ్ నది కింద బండ్లు గుద్దుకుని జనం గాయపడ్డారు, మళ్లీ తెరిచింది 1897 జనవరిలో. 1977 మేలో మరమ్మతులకి మూస్తే జనం మళ్లీ ఎక్కింది 1980 ఏప్రిల్‌లో.

స్టేషన్ల లెక్క మాత్రం నిజం, అప్పుడూ 15, ఇప్పుడూ 15. అలాగని ఏమీ చేయలేదనుకుంటే పొరపాటు. మర్క్‌లాండ్ స్ట్రీట్ స్టేషన్ తీసేసి పార్టిక్ కట్టారు, అక్కడ దిగితే పెద్ద రైలు అందుతుంది. సొరంగం ఇరుకు కాబట్టి బయటి రైలు ఏదీ అందులో పట్టదు, ఆ కొలతకే ప్రత్యేకంగా చేయించాలి. 2023 డిసెంబరులో వచ్చిన కొత్త రైళ్లు అలా చేయించినవే. దండగ అనుకున్న ఊరు అంత ఖర్చు పెడుతుందా?

ఒక్క విషయంలో నాకూ అసంతృప్తి ఉంది. ఆదివారం సాయంత్రం ఆరు దాటితే అక్కడ సబ్‌వే ఉండదు. ఆదివారం రాత్రి డ్యూటీ ఉన్నవాళ్లకి అది ఎంత టెన్షనో, గుణుపురం బండి తప్పిపోయి స్టేషన్‌లో కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది.

మావయ్యా, మీరు దీన్ని కాశీనగరం గ్రూపులో కూడా పెట్టారట. దయచేసి తీసేయండి, లేదా కింద ఇది కూడా పెట్టండి.